ఈ బ్యాగు మీరే సర్దారా?

షాంపూ సీసా మూత బిగించే ముందు పిన్ని దాని పొట్ట నొక్కి కాస్త గాలి బయటికి పంపించింది. ఆ నొక్కు అలాగే పట్టుకుని, మూతి మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పరిచి, పైన మూత తిప్పింది. సీసా బుగ్గ లోపలికి లాక్కున్నట్టు సొట్టపడి నిలబడింది. విమానం పైకి లేచాక సీసాలో గాలి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే షాంపూనే బయటికి తోసేస్తుంది. ఈ సంగతి పిన్నికి ఏ పుస్తకమూ చెప్పలేదు. మొదటి ప్రయాణంలో జిడ్డోడిన బట్టలు చెప్పాయి.

ఆ బ్యూటీ పార్లర్లో అందరికీ ఆవిడ సీసాల పిన్ని. ఆ పార్లర్ పిన్ని అన్నగారి భార్యది. వదిన బయటివాళ్ళ ముందు "మా ఆడపడుచు" అంటుంది, పని చెప్పేటప్పుడు "అమ్మాయ్" అంటుంది. పిన్ని దువ్వెనలు కడుగుతుంది, కింద రాలిన జుట్టు ఊడుస్తుంది, తువ్వాళ్ళు ఉతుకుతుంది. ఇవి ఎవరైనా చేసేవే. పాటల అమ్మగారికి విగ్గు పెట్టే పని మాత్రం పిన్నిది. జబ్బు చేసి జుట్టంతా ఊడిపోయిన దగ్గర్నుంచి అమ్మగారు తన తల మీద ఇంకో చెయ్యి పడనిచ్చింది లేదు. ఏ ఊళ్ళో కచేరీ ఉన్నా పిన్ని వెంట ఉండాల్సిందే. ఆ రెండు రోజులూ పిన్ని వీపు కాస్త నిటారుగా ఉంటుంది.

"ఈసారి నేనూ వస్తున్నాను, బుల్లి కూడా వస్తుంది," అంది వదిన, గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తకుండానే. "నీ చేతికింద ఉండి నేర్చుకుంటుంది. ఎన్నాళ్ళని నువ్వొక్కదానివే తిరుగుతావు?"

బుల్లి వదినకి చెల్లెలు. పార్లర్లో చేరి ఎన్నో రోజులు కాలేదు. నవ్వుమొహం పిల్ల, చేతులు చురుకు. నేర్చుకున్నాక ఇంక పిన్ని ఎందుకు? పిన్ని సీసా మెడకి తెల్ల దారం చుట్టి, మూత మీదుగా తిప్పి, ఉచ్చుముడి వేసింది. ఒక్క కొస లాగితే ఊడివచ్చే ముడి.

"ఈ దారాలు ఎందుకక్కా?" బుల్లి బల్ల మీదకి వంగి అడిగింది. "కొన్నిటికి తెల్లది, కొన్నిటికి ఎర్రది?"

తెల్ల దారం ఉన్నవి చేతి బ్యాగులోకి. అవి వంద మిల్లీలీటర్లకి మించని సీసాలు. అన్నీ కలిసి ఒకే పారదర్శకమైన సంచిలో పట్టాలి. ఎర్ర దారం ఉన్నవి కింద సామాన్లలో వెళ్ళే పెద్ద పెట్టెలోకి. దారం లేనివి ఇంట్లోనే ఉండిపోతాయి. సీసాల మీది కాగితాలు నూనె చేతులకి చెరిగిపోతాయి కనుక పిన్ని పెట్టుకున్న పద్ధతి ఇది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

"ఊరికే, మూత ఊడకుండా," అంది పిన్ని.

అంతలో తలకి నూనె పెట్టించుకునే ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. వదిన కేకేసింది. పిన్ని బ్యాగు అలాగే తెరిచి ఉంచి వెళ్ళింది. మర్దనా అయి, చేతులు కడుక్కుని వచ్చేసరికి బ్యాగు జిప్పు మూసి ఉంది. తాళం కూడా పడింది.

"మీకు శ్రమ ఎందుకని నేనే సర్దేశానక్కా," అంది బుల్లి. "మిగిలిపోయినవి కూడా."

"మిగిలిపోయినవేంటి?" అంటూ పిన్ని తాళం మీద చెయ్యి వేసింది.

"మళ్ళీ విప్పుతావా? అనుమానప్పక్షీ!" అంది వదిన. "పిల్ల ఉత్సాహంగా చేస్తే అందులో కూడా వంకలేనా? బయల్దేరాలి, లే."

పిన్ని చెయ్యి తీసేసింది. తీసేయకుండా ఉండాల్సిందని దారిపొడవునా అనుకుంటూనే ఉంది.

విమానాశ్రయంలో కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి టికెట్లు చూసి, చేతి బ్యాగుకి చీటీ కడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "ఈ బ్యాగు మీరే సర్దారా?"

ప్రతిసారీ అడిగేదే. ప్రతిసారీ చెప్పేదే.

"అవునండీ," అంది పిన్ని.

పాటల అమ్మగారు తలకి గట్టిగా స్కార్ఫు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పక్కనే నిలబడింది. ఎవరూ తనని గుర్తుపట్టకూడదని ఆవిడ తాపత్రయం. గుర్తుపట్టిన వాళ్ళు అప్పటికే మోచేతులతో పొడుచుకుంటున్నారు.

తనిఖీ దగ్గర బ్యాగు బెల్టు మీద లోపలికి వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. తెర చూస్తున్న మనిషి పక్కవాణ్ణి పిలిచి వేలు పెట్టి చూపించాడు. పిన్నికి ఏం వెళ్ళిందో ఇంకా తెలియదు. ఏదో వెళ్ళిందని మాత్రం తెలిసిపోయింది.

చేతికి తొడుగులేసుకున్న అతను బ్యాగుని పక్కబల్ల మీద పెట్టి, తాళం తీయించి, జిప్పు లాగాడు. పైనే ఉంది, జుట్టు బిగుసుకునేలా కొట్టే పొడుగు స్ప్రే డబ్బా. అలమర పైఅర దాటి ఎన్నడూ బయటికి రాని డబ్బా. దాని మెడ చుట్టూ తెల్ల దారం.

"ఇంత పెద్ద డబ్బా, అందులోనూ స్ప్రే, చేతి బ్యాగులో పెడతారా?" అన్నాడు అతను.

"దాంట్లో కొంచెమే ఉందండీ," బుల్లి గొంతు పీలగా వచ్చింది. "అడుక్కి వచ్చేసింది."

"అందులో ఎంత మిగిలిందన్నది కాదమ్మా, డబ్బా ఎంతదన్నదే మాకు లెక్క."

మూత తీసి చూద్దామని అతను దారం కొస లాగాడు. రాలేదు. గోటితో గిల్లాడు. ఊడలేదు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. చివరికి సొరుగులోంచి కత్తెర తెచ్చి తెంపాడు.

పిన్ని ఆ ముడినే చూస్తూ నిలబడింది. ఈ జన్మలో తను అలాంటి ముడి వేయలేదు. తల తిప్పితే వదిన కూడా ముడినే చూస్తోంది. వదిన చూపు అక్కణ్ణుంచి బుల్లి మొహానికి వెళ్ళింది. బుల్లి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. వదినకి అంతా అర్థమైంది. అర్థమైనట్టు పిన్నికీ అర్థమైంది.

"ఎవరు సర్దారండీ ఇది?"

"దారాలు కట్టే అలవాటు మా ఆడపడుచుదేనండీ," అంది వదిన. "మా సామానంతా ఆవిడే సర్దుతుంది. ఇందాక కౌంటర్లో కూడా చెప్పింది."

విడివిడిగా చూస్తే ప్రతి మాటా నిజమే. అన్నీ కలిపితే పచ్చి అబద్ధం. పిన్ని నోరు తెరిచింది. అవునండీ అన్న నోటితోనే ఇప్పుడు కాదండీ అని ఎలా అనడం? పైగా దారాల సంగతి ఆ పిల్ల అడిగితే చెప్పనిది ఎవరు? నోరు మూసుకుంది.

అతనికి ఇక దేని మీదా నమ్మకం లేకపోయింది. సంచిలోని సీసాలన్నీ బల్ల మీద పరిచి మూతలు తీసి వాసన చూశాడు. విగ్గు అంటించే జిగురు దగ్గర ముక్కు చిట్లించి, పేరులేని సీసాలో ఏముందో ఎవరికి తెలుసంటూ దాన్నీ స్ప్రే డబ్బానీ చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత బ్యాగు అడుగున ఉన్న గుండ్రటి పెట్టె తీశాడు.

"అది వద్దండీ," అంది పిన్ని. ఆ పూట ఆవిడ గట్టిగా పలికిన మొదటి మాట అది. "అది పక్కకి తీసుకెళ్ళి చూడండి. దయచేసి ఇక్కడ వద్దు."

అప్పటికే మూత తెరిచాడు. దువ్వి, చుట్టి, జాలీ గుడ్డలో పెట్టిన విగ్గుని పైకెత్తి, తిరగేసి, లోపల చూసి, బల్ల మీద పెట్టాడు. వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాచారు. అమ్మగారి వైపు చూశారు, స్కార్ఫు వైపు చూశారు, జుట్టు వైపు చూశారు. ఎవరో ఫోను పైకెత్తారు. అమ్మగారు గోడ వైపు తిరిగిపోయింది.

ఆవిడ మళ్ళీ మాట్లాడింది కచేరీ ఉన్న ఊళ్ళో దిగాక, కారులో. అది కూడా వదినతోనే.

"ఈ పూట విగ్గు ఆ కొత్తమ్మాయే పెడుతుంది. ఆవిణ్ణి నా గదిలోకి రానివ్వకండి."

"అలాగేనండీ," అంది వదిన, చాలా వినయంగా.

వెనక సీట్లో పిన్నికి తల కొట్టేసినట్టయింది. బుల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, మెడ పట్టేసినా ఇటు తిరగనన్నట్టు.

కచేరీ హాల్లో, మేకప్ గది బయట, పిన్ని ఒక ఇనపకుర్చీలో కూర్చుంది. ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. లోపల్నుంచి వదిన గొంతు, నీళ్ళ చప్పుడు, మళ్ళీ వదిన గొంతు వినిపిస్తున్నాయి. అటువైపు వేదిక మీద వాద్యాలు శ్రుతి చేసుకుంటున్నారు. ఇప్పటికి నుదుటి అంచు అంటించేసి ఉండాలి. అంటించి, దువ్వెన తోకతో నొక్కి, తడిగుడ్డ అద్ది ఉండాలి. కానీ దేంతో అంటిస్తారు?

తలుపు కొంచెం తెరుచుకుంది. బుల్లి బయటికి వచ్చి తలుపుకే ఆనుకుని నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, ఇక్కడివాళ్ళు నాటకాల జిగురేదో ఇచ్చారు. రాస్తే అమ్మగారికి నుదురు భగ్గుమంది. కడిగేశాం. తలపిన్నులు పెడితే అంచు లేచిపోతోంది. ఇప్పుడేం చెయ్యను?"

చెప్పేస్తే పోయేది, నాకేం సంబంధం అని. నన్ను రావద్దన్నారు కదా, మీ అక్కనే అడుగు అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, దాని రుచి కూడా బాగానే ఉంది. లోపల కూర్చున్న మనిషి ఎర్రబడిన నుదురు తలుచుకుని పిన్ని దాన్ని మింగేసింది. తన పర్సు తీసింది. అందులో దువ్వెన పక్కన బొటనవేలంత సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మెడకి తెల్ల దారం.

"ముందు చల్లటి గుడ్డ అద్ది నుదురు ఆరనివ్వు. ఇది కుంచెతో పల్చగా రాయి. రాసిన వెంటనే అంటించకు. వేలు పెడితే బంకబంకగా లాగాలి, అప్పుడు. చెవి దగ్గర మొదలుపెట్టొద్దు, నడుమ నుంచి మొదలుపెట్టు."

బుల్లి సీసా తీసుకుని గుప్పిట మూసింది. వెళ్ళలేదు. "అక్కా, ఆ డబ్బా..."

"తర్వాత. ముందు వెళ్ళు."

పాట మొదలయ్యేదాకా పిన్ని కుర్చీలోంచి లేవలేదు. మొదలయ్యాక కూర్చోలేకపోయింది. తెర పక్క సందులోంచి అమ్మగారి తల వెనకభాగం కనిపిస్తోంది. పైస్థాయికి వెళ్ళేటప్పుడు ఆవిడ తల వెనక్కి వాలుస్తుంది. దీపాల వేడికి నుదురు చెమర్చేది కూడా అప్పుడే. వాలినప్పుడల్లా పిన్ని గుప్పిళ్ళు బిగుసుకున్నాయి. అంచు లేవలేదు. చప్పట్లు మోగుతుంటే అమ్మగారు లోపలికి వచ్చి, పిన్ని పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆవిడ చూపుడువేలికి తెల్ల దారం చుట్టి ఉంది.

మర్నాడు పొద్దున హోటల్లో అమ్మగారి గదినుంచి పిలుపు వచ్చింది, పిన్నికి. వదిన కూడా లేవబోతే, "ఆవిడొక్కత్తినే రమ్మన్నారు," అన్నాడు పిలవడానికి వచ్చిన హోటలు మనిషి.

అమ్మగారు అద్దం ముందు కూర్చుని ఉంది. విగ్గు ఇంకా తల మీదే ఉంది, బుల్లిని తీయనివ్వలేదన్నమాట. పిన్ని గోరువెచ్చటి నూనెలో దూది ముంచి నుదుటి అంచు వెంబడే అద్దసాగింది. ఇద్దరూ అద్దంలోకే చూస్తున్నారు. బల్ల మీద దారం ముక్క ఉంది.

"నిన్న నీ సీసా నేనే విప్పాను," అంది అమ్మగారు. "ఒక్క లాగుకి ముడి ఊడొచ్చింది. విమానాశ్రయంలో అతనికి కత్తెర కావలసి వచ్చింది."

పిన్ని దూది మార్చింది.

"ఆ డబ్బా నువ్వు పెట్టలేదు."

"మా వదిన కదండీ..."

"నేను అడిగింది చుట్టరికం కాదు." అమ్మగారి గొంతు పెరగలేదు, అదే భయపెట్టింది. "నా జుట్టుని నలుగురిలో బల్ల మీద పడేశారు. ఎవరు చేశారని అందరి ముందూ అడిగితే నువ్వు నీళ్ళు నమిలావు. నువ్వు నోరు విప్పకపోతే నాకెలా తెలుస్తుంది? రేపు ఇంకోటి జరిగితే అప్పుడు కూడా ఇలాగే నిలబడతావా? నాకు చెయ్యి నమ్మకమైతే చాలదు, నోరు కూడా కావాలి."

"తప్పేనండీ," అంది పిన్ని. అది నిజమని ఆవిడకి తెలుసు, అందుకే కళ్ళు మండాయి.

"ఇంక నిన్ను పిలవాలో వద్దో ఇంటికెళ్ళాక చెప్తాను. దీన్ని పెట్టెలో పెట్టు."

పిన్ని విగ్గు తీసి, అంచు తుడిచి, దువ్వి, చుట్టి, జాలీ గుడ్డలో పెట్టి పెట్టె మూసింది. ఆ పెట్టెని ఇక ఏ బ్యాగులోనూ పెట్టలేదు. చంకలో పెట్టుకుని తన గదికి వచ్చింది.

గదిలో వదిన, బుల్లీ చేతి బ్యాగు సర్దుతున్నారు. సర్దుతున్నారంటే, కూరుతున్నారు. వదిన మొహం మాడ్చుకుని ఉంది.

"ఏమంది ఆవిడ?"

"ఇంటికెళ్ళాక చెప్తానంది."

"మంచిదే. ఇదిగో, ఇది నువ్వు పట్టుకో, నాకు భుజం లాగేస్తోంది. అడిగితే నువ్వే సర్దావని చెప్పు."

"ఒకసారి విప్పి చూస్తాను వదినా."

"నిన్న చూసింది చాల్లే! ఎప్పుడూ చెప్పేదేగా, ఈ ఒక్కసారి అంటే నోరు అరిగిపోతుందా?"

బుల్లి ఏదో అనబోయి అక్క మొహం చూసి ఆగిపోయింది. పిన్ని ఒక భుజానికి బ్యాగు తగిలించుకుంది. రెండో చేత్తో పెట్టె పట్టుకుంది.

విమానాశ్రయం కౌంటరు దగ్గర ఈ ఊళ్ళో వేరే అమ్మాయి, అదే చీటీ, అదే వంచిన తల. వెనక వదిన, బుల్లి. పక్కన స్కార్ఫు కట్టుకున్న అమ్మగారు, ఎటో చూస్తూ.

"ఈ బ్యాగు మీరే సర్దారా?"

అవునండీ అనే మాట అలవాటుగా గొంతులోకి వచ్చేసింది. పిన్ని దాన్ని అక్కడే ఆపింది. వెనక వదిన చిన్నగా దగ్గింది. అన్నగారి ఇల్లు, ఆ ఇంట్లో తన మంచం, పార్లరు తాళాలు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఇప్పుడు ఈ మాట అంటే సాయంత్రం ఆ గడప ఎలా తొక్కాలి?

"లేదండీ," అంది.

కౌంటరు అమ్మాయి తల ఎత్తింది.

"నేను సర్దలేదండీ. ఇందులో ఏముందో నాకు తెలియదు." పిన్ని బ్యాగుని కౌంటరు మీదికి జరిపింది. "నిన్నటి బ్యాగు కూడా నేను పూర్తిగా సర్దలేదు. ఆ స్ప్రే డబ్బా నేను పెట్టింది కాదు. అయినా నేనే సర్దానని చెప్పాను. తప్పు చెప్పాను."

కౌంటరు అమ్మాయి చీటీ వదిలేసి ఎవరికో సైగ చేసింది. యూనిఫారంలో ఒకావిడ వచ్చి బ్యాగుని పక్కబల్ల మీదికి మార్చింది. "మరి ఎవరు సర్దారు?"

పిన్ని ఎవరి వైపూ చూపించలేదు. చూపించాల్సిన పని తనది కాదనుకుంది. పెట్టెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నిలబడింది. వరసలో ఎవరో విసుక్కున్నారు. బుల్లి ఒక అడుగు ముందుకి వేసింది. అంతలో వదిన ఆ పిల్ల జబ్బ పట్టుకుని వెనక్కి లాగి, తనే ముందుకి వచ్చింది.

"నేనండీ," అంది వదిన. "నేనే సర్దాను."

"అయితే మీరే తీసి చూపించండి."

వదిన జిప్పు లాగింది. చెయ్యి లోపల పెట్టి, వెంటనే ఆగిపోయింది. చెయ్యి బయటికి తీస్తే మణికట్టు దాకా షాంపూ. వెళ్ళేటప్పుడు తనిఖీలో అతను తీసి చూసిన సీసాలకి మళ్ళీ ప్లాస్టిక్ ముక్క పెట్టినవాళ్ళు లేరు, మూత తిన్నగా బిగించినవాళ్ళు లేరు. ఒక్కో సీసానే వదిన జారుతున్న వేళ్ళతో తీసింది, తన శాలువాతోనే తుడిచింది, బల్ల మీద వరసగా పెట్టింది. తీసుకెళ్ళకూడనివి ఏవీ లేవు. అంతా సరైన కొలతే, అంతా జిడ్డే. వదిన మెడ దాకా ఎర్రబడింది. ఆ చేతుల్ని చూస్తుంటే పిన్నికి సంతోషం రాలేదు. వస్తుందనుకుంది.

బుల్లి వచ్చి పక్కన నిలబడింది. "నిన్నటిది నేనే పెట్టానక్కా. అన్నిటికీ దారం ఉంటే దీనికీ ఉండాలేమో అనుకున్నాను. పొద్దున చెప్దామనుకున్నాను, మా అక్క..."

"అడిగినప్పుడు నేను చెప్పి ఉండాల్సింది," అంది పిన్ని. "నా పని నువ్వు లాక్కుంటావని భయపడ్డాను. విను. తెల్లది చేతిలోకి. ఎర్రది కిందికి. దారం లేనిది ఇంట్లో."

బుల్లి పెదాలు కదిపి వల్లె వేసుకుంది.

యూనిఫారం ఆవిడ వదినకి కాగితం తువ్వాళ్ళు ఇచ్చి, బ్యాగు మూయించి, పొమ్మంది. వదిన బ్యాగుని తన భుజానికే తగిలించుకుంది. పిన్ని పక్కనుంచి వెళ్తూ ఆగింది. తిడుతుందని పిన్ని సిద్ధంగా నిలబడింది.

"ఆ మూత కింద ఏదో ముక్క పెడతావే," అంది వదిన, ఎటో చూస్తూ. "అది నాకు ఇంటికెళ్ళాక చూపించు." అని, సమాధానం కోసం ఆగకుండా ముందుకు నడిచింది.

విమానం పిలుపు వినిపించింది. వాళ్ళ వరస కదిలింది. ఇంతసేపూ ఎటో చూస్తూ నిలబడిన అమ్మగారు నల్లకళ్ళద్దాలు తీసి మడిచింది. పిన్ని చేతుల్లోని గుండ్రటి పెట్టె వైపు చూసింది.

"వచ్చే నెల ఇంకో ఊరు వెళ్ళాలి," అంది. "తనిఖీలో నా పెట్టె గురించి అడిగితే ఏం చెప్తావు?"

పిన్ని పెట్టె మూత మీద అరచెయ్యి పెట్టింది.

"నేనే సర్దానని చెప్తానండీ."

"చెప్పు," అంది అమ్మగారు. తనిఖీ వైపు నడుస్తూ, వెనక్కి చూడకుండానే, పిన్నికి పక్కన చోటు వదిలింది.